ప్రశ్నా పాటా: ‘బ్లూ’ మీద మీ ఉత్తరాలు

పోయిన నెల ఈ శీర్షికలో, తన పాటలు తనే రాసుకుని పాడే కెనడా గాయని జోనీ మిచెల్ 1971లో తెచ్చిన ‘బ్లూ’ ఆల్బమ్‌ని ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా వినమని రాశాను. కొందరు మురిసిపోతూ రాశారు, కొందరు కోప్పడుతూ రాశారు. కోప్పడినవాళ్ల ప్రశ్నలే బాగున్నాయి కాబట్టి ముందు వాళ్లకే జవాబు.

ప్రశ్న: మేడమ్, మీ మాట నమ్మి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నిజం చెప్పాలంటే మూడో పాటకే నిద్రొచ్చింది. బీట్ లేదు. పల్లవి పట్టుకుందామంటే జారిపోతుంది. ఆవిడ గొంతేమో ఎక్కడెక్కడికో ఎగిరిపోతుంది. గొప్ప ఆల్బమ్‌ల జాబితాల్లో దీన్ని పైన పెడతారట. అందరూ గొప్ప అంటున్నారని నేనూ అనాలా?
– డిగ్రీ చదువుతున్న పాఠకురాలు

జవాబు: అనక్కర్లేదమ్మా. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో వేసిన 500 ఆల్బమ్‌ల జాబితాలో ‘బ్లూ’ది 30వ స్థానం. 2020లో మళ్లీ ఓట్లు వేయిస్తే 3వ స్థానానికి ఎక్కింది. ఈ మధ్యలో ఆల్బమ్‌లో ఒక్క స్వరం మారలేదు, మారింది ఓట్లు వేసినవాళ్లు. కాబట్టి జాబితా సంగతి వదిలేయండి.

బీట్ లేదన్న మాట మాత్రం బాగా పట్టుకున్నారు. పది పాటల్లో డ్రమ్స్ వినిపించేది మూడింటిలోనే, అవి కూడా రస్ కంకెల్ చాలా మెల్లగా వాయించినవి. సరిగ్గా సగం పాటల్లో జోనీ, ఒక వాద్యం తప్ప ఇంకేమీ లేదు: ‘లిటిల్ గ్రీన్’లో గిటార్, ‘మై ఓల్డ్ మ్యాన్’, ‘బ్లూ’, ‘రివర్’, ‘ది లాస్ట్ టైమ్ ఐ సా రిచర్డ్’లలో పియానో. డబ్బు లేకనో, వాయించేవాళ్లు దొరక్కనో కాదు. హాలీవుడ్‌లోని ఏ అండ్ ఎమ్ స్టూడియోలో రికార్డు చేశారు, అదే భవనంలో ఆ ఏడాది జనవరిలోనే గాయని కెరోల్ కింగ్ తన ‘టాపెస్ట్రీ’ ఆల్బమ్ రికార్డు చేసింది. గాయకుడు జేమ్స్ టేలర్ ఇటు జోనీకీ గిటార్ వాయించాడు, అటు కెరోల్‌కీ వాయించాడు. కావాలంటే గది నిండా మంచి వాద్యగాళ్లు ఉండేవాళ్లే. జోనీ వద్దనుకుంది. ఆల్బమ్‌కి వేరే ప్రొడ్యూసర్ లేడు, ఇంజనీర్ హెన్రీ లూయీ ఉన్నాడు, అంతే. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తనే తేల్చుకుంది.

మీరు మొదటి పాటతో మొదలుపెట్టకండి. ‘కేరీ’తో మొదలుపెట్టండి, అది హుషారుగా ఉంటుంది. ఆ తర్వాత ‘మై ఓల్డ్ మ్యాన్’. అందులో ఆమె ప్రియుడు ఇంట్లో ఉన్నంతసేపూ పియానో తేలిగ్గా నడుస్తుంది. అతను వెళ్లిపోయాడనే చోటికి రాగానే కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వేరే దారి పడతాయి, కింద నేల కదిలినట్టు అనిపిస్తుంది. అక్కడ ఆమె గుండె పగిలిందని చెప్పదు. మంచం మరీ పెద్దదైపోయిందంటుంది, పెనం మరీ వెడల్పైపోయిందంటుంది. ఇద్దరికి వండే పెనంలో ఒక్కరికి వండుకున్నవాళ్లకి ఇంకేం చెప్పాలి? అప్పటికీ నిద్రొస్తే హాయిగా నిద్రపోండి, నాకు రాయండి, నేనేం అనుకోను.

ప్రశ్న: నేను రిటైర్డ్ తెలుగు మాస్టారిని. మన భావకవులూ తమ దుఃఖమే రాసుకున్నారు, కానీ కోకిలనో వెన్నెలనో ఊహా ప్రేయసినో అడ్డం పెట్టుకుని రాశారు. ఈవిడ తన ప్రేమలూ, తన తగవులూ ఉన్నవి ఉన్నట్టు పాడేస్తోంది. ఇది డైరీ. డైరీ నిజాయితీగా ఉండొచ్చు, కానీ కళ ఎలా అవుతుంది?

జవాబు: మాస్టారూ, తెర ఇక్కడా ఉంది. మీకు కనిపించలేదంటే అది ఆమె పనితనం. దీనికి కాస్త పొడుగ్గా జవాబు చెప్పనివ్వండి.

‘లిటిల్ గ్రీన్’ తీసుకుందాం. 1965 ఫిబ్రవరిలో టొరంటోలో జోనీకి ఒక ఆడపిల్ల పుట్టింది. అప్పటికి ఆమెకి 21 ఏళ్లు. బిడ్డ తండ్రి దగ్గర లేడు, చేతిలో డబ్బు లేదు, పెళ్లి కాకుండా తల్లైందన్న మాట ఆ రోజుల్లో చాలా పెద్ద మాట. పాపని దత్తత ఇచ్చేసింది. తర్వాత ఒకటి రెండేళ్లకే ఈ పాట కట్టింది, కానీ ‘బ్లూ’ దాకా ఏ ఆల్బమ్‌లోనూ పెట్టలేదు. 1971లో పాట బయటికొచ్చినప్పుడు రోలింగ్ స్టోన్‌లో సమీక్ష రాసినాయన ఇది అర్థం కాని పొడుపుకథలా ఉందని విసుక్కున్నాడు. ఆయన తప్పు కూడా లేదు. ఆ బిడ్డ సంగతి లోకానికి తెలిసింది 1990ల్లో, తల్లీకూతుళ్లు కలుసుకున్నది 1997లో.

ఇప్పుడు సంగతి తెలిశాక విని చూడండి. దత్తత అన్న మాట పాటలో ఎక్కడా లేదు. ఏడ్చాననీ లేదు. పాపకి ‘గ్రీన్’ అని పేరు పెట్టమంటుంది, అలా పిలిస్తే చలికాలాలు ఆ పచ్చదనాన్ని వాడ్చలేవని. కాగితాల మీద ఇంటిపేరుతో సంతకం ఉంది. బాధగా ఉంది, సిగ్గుగా మాత్రం లేదు అన్న మాట ఉంది. చివర్లో పాపకి రాబోయే రోజుల గురించి చెప్తుంది: మంచు సూదులుంటాయి, పుట్టినరోజు బట్టలుంటాయి, ఒక్కోసారి దుఃఖమూ ఉంటుంది. అంత పెద్ద సంగతి చెప్పడానికి ఆమె తీసుకున్నవి ఇవే. సంగతి తెలియని వాళ్లు కూడా పాతికేళ్ల పాటు ఆ పాట విని కదిలిపోయారంటే, కదిలించింది రహస్యం కాదు కదా? రహస్యం వాళ్లకి తెలియదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది అనే కీర్తి ఆమె మాటల వల్ల కూడా వచ్చింది, ఆ మాట దాచను. ఆ రోజుల్లో తనకి రక్షణ కవచాలే లేవనీ, సిగరెట్ పెట్టె మీద సెలోఫేన్ కాగితంలా ఉండేదాన్ననీ 1979లో ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. రికార్డింగ్ జరిగేటప్పుడు స్టూడియో తలుపులు వేసేసి బయటివాళ్లని రానిచ్చేవాళ్లు కాదట. పాటలు విన్న తోటి గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్‌సన్ కంగారుపడి, నీకంటూ కొంచెం ఉంచుకో జోనీ, అన్నాడని ఆమే చెప్పింది. అయినా తన పాటల్ని ఎవరైనా ‘కన్ఫెషన్’ (తప్పొప్పుకోలు) అంటే ఆమెకి మంట. నాకూ మంటే. ఎందుకంటే ఆల్బమ్ దాదాపు తయారయ్యాక ఆమె చేసిన పని చూడండి. ‘అర్జ్ ఫర్ గోయింగ్’, ‘హంటర్’ అనే రెండు పాటలు అందులో ఉండేవి. రెండూ మంచి పాటలే. వాటిని తీసేసి ‘ఆల్ ఐ వాంట్’, ‘ది లాస్ట్ టైమ్ ఐ సా రిచర్డ్’ పెట్టింది. ఒకటి మొట్టమొదట, ఒకటి చిట్టచివర. దాంతో మొత్తం ఆల్బమ్ నడకే మారింది: ఒంటరిగా దారిన పడి ఏదో వెతుక్కుంటూ వెళ్తున్న మనిషితో మొదలై, చీకటి కాఫీ కొట్టులో బల్ల దగ్గర కూర్చుని ఎవరూ పలకరించొద్దంటున్న మనిషితో ముగుస్తుంది. డైరీ రాసుకునేవాళ్లు రెండు పేజీలు చింపి మొదలూ చివరా కొత్తగా రాయరు మాస్టారూ. ఆ పని చేసేది మీ భావకవులే, ఏ పద్యం సంపుటిలో ముందుండాలో రాత్రంతా ఆలోచించుకునేవాళ్లు.

ప్రశ్న: ఏ పాట ఎవరి గురించి రాశారో ఒక పట్టిక ఇస్తారా?

జవాబు: ఇవ్వను. ఆమె ప్రేమించిన గ్రాహమ్ నాష్, జేమ్స్ టేలర్ పేర్లు మీకు ఎలాగూ ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. దొరికాక పాటలో కొత్తగా ఏం వినిపించిందో నాకు రాయండి, అది వేసుకుంటాను.

ప్రశ్న: గిటార్ నేర్చుకుంటున్నాను. ‘ఎ కేస్ ఆఫ్ యూ’ కార్డులు నెట్‌లో దొరికాయి. అన్నీ తేలిక కార్డులే. వాయిస్తుంటే తప్పేం లేదు, కానీ పాట ముద్దగా వస్తోంది, రికార్డులో ఉన్న గాలి రావడం లేదు. ‘లిటిల్ గ్రీన్’ అయితే అసలు దగ్గరికే రావట్లేదు. నా వేళ్లదా లోపం?

జవాబు: నా దగ్గరికి పాఠాలకి వచ్చే పిల్లలు కూడా ఇదే ముఖం పెట్టుకుని వస్తారు. మీ వేళ్లకేం కాలేదు.

‘ఎ కేస్ ఆఫ్ యూ’లో జోనీ వాయించింది గిటార్ కాదు, అపలాచియన్ డల్సిమర్. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయించే సన్నని వాద్యం, తీగలు మూడో నాలుగో ఉంటాయి. 1969లో బిగ్ సర్ ఫోక్ ఫెస్టివల్‌లో దాన్ని తయారుచేసిన అమ్మాయి దగ్గరే కొనుక్కుంది. ఎవరైనా వాయిస్తుండగా అంతకుముందు చూసింది లేదు, అందుకని చేత్తో తీగల మీద చరుస్తూ తనకి తోచినట్టు వాయించింది. మరుసటి ఏడాది యూరప్ తిరిగేటప్పుడు చేతిలో ఉన్నదదే, అందుకే ‘కేరీ’, ‘కాలిఫోర్నియా’, ‘ఆల్ ఐ వాంట్’ కూడా దాని మీదే పుట్టాయి. డల్సిమర్‌లో ఒక తీగ పాట నడుపుతుంటే మిగతావి కింద శ్రుతిలా మోగుతూ ఉంటాయి. మీరు ఆరు తీగలూ నిండుగా పట్టి కొడుతున్నారు, ముద్ద కాక ఏమవుతుంది? బేస్ తీగలు వదిలేయండి. సన్నని మూడు నాలుగు తీగల మీదే పట్టండి, ఎక్కువ తీగల్ని ఖాళీగా మోగనివ్వండి. రికార్డులో జేమ్స్ టేలర్ గిటార్ ఎంత తక్కువ వాయించాడో ఒకసారి దాని మీదే చెవి పెట్టి వినండి. నేను నా విద్యార్థులకి ఆ పాటలో ముందు నేర్పేది ఆయన ఎక్కడెక్కడ ఆగాడన్నదే.

‘లిటిల్ గ్రీన్’ది వేరే కథ. అది గిటారే, కానీ శ్రుతి వేరు. మామూలుగా మనం ఇ-ఎ-డి-జి-బి-ఇ పెడతాం. ఇది ఓపెన్ జి: ఆరో తీగని ఇ నుంచి డి కి, ఐదో తీగని ఎ నుంచి జి కి, ఒకటో తీగని ఇ నుంచి డి కి దించండి. డి-జి-డి-జి-బి-డి అవుతుంది. ఎడమ చెయ్యి అసలు పెట్టకుండా మీటినా కార్డు పలుకుతుంది. ఒకటి రెండు వేళ్లు కదిపితే చాలు. జోనీ ఇలాంటి శ్రుతుల్లోకి ఎందుకు వెళ్లిందంటే, తొమ్మిదేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. కష్టమైన కార్డులు పట్టడానికి చెయ్యి సహకరించక తీగల్నే తన చేతికి అనువుగా మార్చుకుంది. అలా మార్చుకుంటూ పోయి యాభైకి పైగా శ్రుతులు వాడింది. ఆ శ్రుతుల్లో పలికే, సంతోషమూ కాని, దుఃఖమూ కాని కార్డుల్ని ఆమె ‘ప్రశ్నించే కార్డులు’ అనేది. నెట్‌లో ఇచ్చే తేలిక కార్డుల్లో ఆ ప్రశ్నలే ఎగిరిపోతాయి. ‘కేరీ’ లాంటి హుషారు పాట తప్పిస్తే ఈ ఆల్బమ్‌ని మామూలు శ్రుతిలో వాయించడం నాకైతే సహించదు.

ప్రశ్న: బ్రేకప్ అయ్యాక నేనూ పాటలు రాశాను. ఒక పాట మీకు పంపుతున్నాను. అంతా నిజమే రాశాను, ఏదీ కల్పించలేదు. అయినా ఫ్రెండ్స్‌కి వినిపిస్తే ఇబ్బందిగా నవ్వి టాపిక్ మార్చేస్తున్నారు. వాళ్లకి మనసు లేదా, నాకు రాయడం రాదా? అడగాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ పాట చదివాను. గుండె ఉంది, కన్నీరు ఉంది, మోసం ఉంది, చీకటి రెండుసార్లు ఉంది. ఒక్క వస్తువు లేదు. ఆ అమ్మాయి ఏం తింటుంది, ఎక్కడ కూర్చుంటుంది, మీరిద్దరూ దేనికి పోట్లాడుకున్నారు? నాకేం తెలియలేదు. మీ బాధ నిజమని నేను మీ మాట మీద నమ్మాలంతే.

‘కేరీ’లో క్రీట్ దీవిలోని మటాలా ఊరుంది, 1970లో జోనీ అక్కడ గుహల్లో ఉంటున్న హిప్పీల మధ్య కొన్నాళ్లు గడిపింది. ఆ పాటలో ఆమె గోళ్లలో మట్టి ఉంది, పాదాలకి సముద్రపు ఒడ్డున అంటుకున్న తారు ఉంది, శుభ్రమైన తెల్లదుప్పటి మీదా ఫ్రెంచ్ అత్తరు మీదా మనసు ఉంది. స్వేచ్ఛగా బతకాలని వెళ్లినామె ఉతికిన దుప్పటి కోసం బెంగపెట్టుకుంది. ‘కాలిఫోర్నియా’లో ఆమె కెమెరా తీసుకెళ్లి అమ్ముకోవాలని చూసిన దొంగ ఉన్నాడు, వాడే ఆమ్లెట్లు బాగా వేస్తాడని కూడా చెప్తుంది. ‘రిచర్డ్’ పాటలో, ప్రేమ మీద నమ్మకం పోయిన మనిషి పెళ్లి చేసుకుని ఆవిడకి గిన్నెలు కడిగే మెషీనూ కాఫీ కాచే యంత్రమూ కొనిపెడతాడు. తర్వాత టీవీ పెట్టుకుని, ఇంట్లో దీపాలన్నీ వేసుకుని, రాత్రుళ్లు తాగుతుంటాడు. అతను దుఃఖంలో ఉన్నాడని ఆమె చెప్పిందా?

రెండో సంగతి, నాకు దీనికన్నా ముఖ్యం అనిపించేది. మీ పాటలో తప్పులన్నీ ఆ అమ్మాయివే. ‘రివర్’ వినండి. క్రిస్మస్ వస్తోంది, జనం చెట్లు కొడుతున్నారు, ఆనందం పాటలు పాడుతున్నారు. పియానో ‘జింగిల్ బెల్స్’ ముక్కతోనే మొదలవుతుంది, కానీ మబ్బు కమ్మినట్టు. ఆమెకి ఒక గడ్డకట్టిన నది కావాలి, స్కేటింగ్ చేసుకుంటూ అక్కడి నుంచి జారుకోవడానికి. ఆమె పెరిగింది కెనడాలోని సాస్కటూన్‌లో, అక్కడ చలికాలం చలికాలమే. ఇప్పుడున్న చోట మంచే పడదు, పచ్చగానే ఉంటుంది. ఎగరడం గురించి పాడే మాట దగ్గర గొంతు పైకి లేచి అక్కడే నిలబడుతుంది, కిందికి రావడానికి తొందరపడదు. ఇంతా చేసి, ఎందుకు పారిపోవాలనుకుంటోంది? తను స్వార్థపరురాలు కాబట్టి, వేగడం కష్టమైన మనిషి కాబట్టి, మంచివాణ్ణి చేజేతులా పోగొట్టుకుంది కాబట్టి. ఆ మాట ఆమే చెప్పేస్తుంది. వినేవాళ్ల దగ్గర జాలి అడగదు కాబట్టి మనం ఇబ్బందిపడకుండా వింటాం. చివర్లో మళ్లీ ఆ ‘జింగిల్ బెల్స్’ ముక్క వస్తుంది, కుదురుకోకుండానే ఆగిపోతుంది.

మీ స్నేహితులకి మనసు ఉంది. మీరు వాళ్లని తీర్పు చెప్పమంటున్నారు, వాళ్లకి ఆ అమ్మాయి కూడా తెలుసు. ‘ఎ కేస్ ఆఫ్ యూ’లో ఒక పద్ధతి ఉంది, కావాలంటే వాడుకోండి. రెండు చరణాలు జోనీ, అతను. మూడో చరణంలో హఠాత్తుగా ఇంకో ఆడమనిషి వస్తుంది, అతన్ని బాగా ఎరిగినామె. అతని దగ్గరికి వెళ్లు, వీలైతే అతనితోనే ఉండు, కానీ రక్తం కారడానికి సిద్ధపడి వెళ్లు అని చెప్తుంది. మీ పాటలోకి మూడో మనిషిని రానివ్వండి. ఆవిడేం అంటుందో మీరు ముందే తేల్చెయ్యకండి.

ప్రశ్న: మా ఆవిడకి ఈ ఆల్బమ్ తెగ నచ్చింది, నాకు ఎక్కలేదు. ఇది ఆడవాళ్ల ఆల్బమేమో అంటే గొడవైంది. తీర్పు చెప్పండి.

జవాబు: తీర్పు ఆవిడ వైపే. ‘ఎ కేస్ ఆఫ్ యూ’ని అమెరికన్ పాప్ గాయకుడు ప్రిన్స్ పాడాడు. ‘దిస్ ఫ్లైట్ టునైట్’ని 1973లో నజరెత్ అనే స్కాట్లండ్ హార్డ్ రాక్ బృందం ఎలక్ట్రిక్ గిటార్లతో దంచి హిట్ చేసింది. మీరు దానితో మొదలుపెట్టండి, మీకు ఎక్కుతుంది. (నన్నడిగితే పదింటిలో ఆ పాటే కాస్త తేలిక. విమానంలో హెడ్‌ఫోన్స్ లోంచి వేరే పాట వినిపించినట్టు మధ్యలో చేసిన చమత్కారం మాత్రం భలే ఉంటుంది.)

ప్రశ్న: జోనీ మిచెల్ ఇప్పటికీ పాడుతున్నారా? ఈమధ్య వీడియోలో గొంతు గుర్తుపట్టలేనంతగా మారింది. పాత గొంతు లేనప్పుడు ఈ పాటలు పాడటం ఎందుకు అనిపించింది.

జవాబు: 2015లో మెదడులో రక్తనాళం చిట్లి చావు దాకా వెళ్లొచ్చింది. మళ్లీ నడవడం, మాట్లాడటం నేర్చుకోవాల్సి వచ్చింది. గిటార్ మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో తన పాత వీడియోలు చూసి నేర్చుకుంది. 2022లో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో గాయని బ్రాండీ కార్లైల్ వాళ్లతో కలిసి పాడింది, 2024లో ఎనభై ఏళ్ల వయసులో గ్రామీ వేదిక మీద పాడింది. మీరు చూసిన వీడియో వీటిలో ఒకటై ఉంటుంది.

గొంతు మారడం అంతకుముందే, చాలా ఏళ్ల క్రితమే మొదలైంది. మీరు 2000లో వచ్చిన ‘బోత్ సైడ్స్ నౌ’ ఆల్బమ్ సంపాదించండి. అందులో ‘ఎ కేస్ ఆఫ్ యూ’ మళ్లీ పాడింది, ఈసారి పెద్ద ఆర్కెస్ట్రాతో, యాభై దాటిన బొంగురు గొంతుతో. 1971లో అదే పాటలో ఎంత తాగినా కాళ్ల మీద నిలబడగలనన్న మాట కొంచెం పంతంగా, కొంచెం గొప్పగా వినిపిస్తుంది. 2000లో అదే మాట, నిలబడి చూసిన మనిషి చెప్తున్నట్టు ఉంటుంది. మాటలు మార్చలేదు. రెండూ వెంటవెంటనే వినండి, ఎందుకు పాడటం అన్న మీ ప్రశ్న మళ్లీ అడగాలనిపిస్తే అడగండి.

ప్రశ్న: రికార్డు కొనాలా, ఫోన్‌లో వింటే చాలా? స్పాటిఫైలో ఒకప్పుడు దొరకలేదు.

జవాబు: 2022 మొదట్లో ఆమె తన పాటలు అక్కడి నుంచి తీసేయించింది, 2024 మార్చిలో తిరిగొచ్చాయి. ఫోన్ చాలు. షఫుల్ ఒక్కటి ఆపేయండి. ఐదో పాట ‘బ్లూ’తో రికార్డు మొదటి వైపు అయిపోతుంది, లేచి తిప్పితేగానీ ‘కాలిఫోర్నియా’ రాదు. ఫోన్‌లో ఆ విరామం లేకుండా పియానో మీదికి డల్సిమర్ వచ్చి పడుతుంది. ఐదో పాట కాగానే మీరే ఆపి, మంచినీళ్లు తాగి రండి.

వచ్చే నెల ఆమెదే 1976 ఆల్బమ్ ‘హెజీరా’. జాకో పాస్టోరియస్ బేస్ గిటార్ ఉన్న పాటలు అందులో నాలుగు. ముందు వాటిని విని, తర్వాత ఉత్తరం రాయండి.